తెల్లబట్ట: ఎప్పుడు భయపడాలి? ఎప్పుడు అక్కర్లేదు?

పోయిన వేసవిలో ఒక తల్లి తన కూతుర్ని నా దగ్గరకు తీసుకొచ్చింది. అమ్మాయికి 17 ఏళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం. ఏమిటమ్మా బాధ అని అడిగితే పిల్ల తల దించుకుంది. తల్లి, తలుపు వేసి ఉందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"తెల్లబట్టండీ. ఏడాదిగా అవుతోంది. ఎముకలు కరిగి అట్లా పోతాయంట గదా! చూడండి, పిల్ల ఎట్లా పుల్లలాగా అయిపోయిందో. రేపు పెళ్ళి చేస్తే పిల్లలు పుడతారంటారా డాక్టరుగారూ?"

ఆ ఏడాదిలో వాళ్ళు చెయ్యని వైద్యం లేదు. ఒంట్లో వేడి చేసిందన్నారని కోడిగుడ్డు మానిపించారు. నువ్వులు మానిపించారు. బెల్లం, వేరుశనగ, మామిడిపండు, మాంసం, అన్నీ వేడేనని మానిపించారు. సబ్జాగింజల నీళ్ళు, బార్లీ నీళ్ళు, మజ్జిగ అన్నం. ఇవి చాలక ఫోనులో వచ్చిన ప్రకటన చూసి మూడు వేలు పెట్టి ఏదో పొడి తెప్పించారు. మా చిన్నతనంలో ఇలాంటి ప్రకటనలు గోడలమీద ఉండేవి. ఫలానా తేదీన ఫలానా లాడ్జీలో రహస్య వ్యాధులకు వైద్యం అని రాసేవాళ్ళు. ఇప్పుడు గోడ మారింది, అంతే.

నేను ఆ అమ్మాయిని మూడే ప్రశ్నలు అడిగాను. వాసన వేస్తోందా? లేదు. దురదగాని మంటగాని ఉందా? లేదు. నెలంతా ఒకేలా ఉంటుందా, కొన్ని రోజులు ఎక్కువగా ఉంటుందా? ముట్టుకీ ముట్టుకీ మధ్య నాలుగైదు రోజులు ఎక్కువ. అప్పుడు జిగురుగా, తీగలాగా సాగుతుంది. సరే, రక్తపరీక్ష చేయించాను. హీమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకుండా ఉండాల్సింది 8 ఉంది.

పిల్ల పుల్లలాగా అయింది తెల్లబట్టవల్ల కాదు. తెల్లబట్టకు చేసిన వైద్యంవల్ల. ఆ మాట తల్లితో అనడానికి నాకు కాస్త సమయం పట్టింది, ఎందుకంటే ఆవిడ చేసిందంతా ప్రేమతోనే చేసింది. ఐరన్ మాత్రలు రాసి, మానిపించినవన్నీ మళ్ళీ పెట్టమన్నాను. తెల్లబట్టకు మందు రాయలేదు. రాయడానికి అక్కడ జబ్బు లేదు.

ఈ వ్యాసం చదివేవారిలో చాలామందికి ఈ అనుమానం ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. కొందరు తెల్లబట్ట అంటారు. కొందరు కుసుమ అంటారు. చదువుకున్న పిల్లలు వైట్ డిశ్చార్జి అంటారు. పేరు ఏదైనా చెప్పేటప్పుడు గొంతు మాత్రం అందరిదీ ఒకేలా తగ్గుతుంది.

ఇంతకీ తెల్లబట్ట అంటే ఏమిటి? నోట్లో లాలాజలం ఊరుతుంది. కంట్లో తడి ఉంటుంది. అలాగే యోనిమార్గంలోనూ ఎప్పుడూ కొంత తడి ఉంటుంది, ఉండాలి. గర్భసంచి ముఖద్వారం దగ్గర ఉన్న గ్రంథులనుంచి జిగురు వస్తుంది. లోపలి గోడలనుంచి కొంత నీరు ఊరుతుంది. పాతబడిన కణాలు రాలి అందులో కలుస్తాయి. అన్నీ కలిసి రోజుకు ఒక చెంచాకు మించకుండా బయటికి వస్తుంది. రంగు ఉండదు, లేదా పలచటి తెలుపు. బట్టమీద ఆరితే కొంచెం పసుపుగా కనిపిస్తుంది. ఆరిన మరకను చూసి పసుపురంగు వస్తోందని కంగారుపడే వాళ్ళున్నారు. ఆరకముందు చూడాలి.

అక్కడ ఇంకొక చిత్రం కూడా ఉంది. పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుంది కదా! పాలను పులియబెట్టే సూక్ష్మజీవుల బంధువులే యోనిలో కూడా కాపురం ఉంటాయి. 1892లో డోడర్లైన్ అనే జర్మన్ డాక్టరు వీటిని గురించి వివరంగా రాశాడు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే వయసుకు ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను పెరుగుతుంది. దానివల్ల యోనిగోడల్లో ఒకరకం పిండిపదార్థం చేరుతుంది. ఈ మంచి సూక్ష్మజీవులు దాని సాయంతో పెరిగి లాక్టిక్ ఆసిడ్ తయారుచేస్తాయి. ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు బతకలేవు. అంటే ఇంటికి కాపలావాళ్ళు ఇంట్లోనే ఉన్నారన్నమాట. ఇది విని పెరుగు లోపల రాసుకోవచ్చా అని అడిగినవాళ్ళున్నారు. వద్దు. పెరుగు అన్నంలో కలుపుకుని తినండి.

ఈ తడి అన్ని రోజులూ ఒకేలా ఉండదు. ముట్టు అయిన తరువాత కొన్నాళ్ళు చాలా తక్కువ. 28 రోజులకొకసారి ముట్టు వచ్చేవారిలో సుమారు 14వ రోజున అండం విడుదల అవుతుంది. ఆ ముందు రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలాగా, వేళ్ళమధ్య సాగేలాగా వస్తుంది. పిల్లలు కావాలనుకునే దంపతులకు అవే మంచి రోజులు. ఆ తరువాత చిక్కబడి మళ్ళీ తగ్గుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. ఆడపిల్లల్లో మొదటి ముట్టుకు కొన్ని నెలల ముందునుంచే మొదలవుతుంది. పుట్టిన వారంలో పసిపాపకు కూడా కొద్దిగా కనిపించవచ్చు, తల్లి హార్మోను ప్రభావం అది. రెండు చుక్కలు ఎరుపు కనిపించినా బెంబేలు పడనక్కర్లేదు, పాపను చూసే డాక్టరుకు చెబితే చాలు.

ఎముకలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇందులో ఎముక కరిగిన పదార్థం ఏమీ ఉండదు. నడుం నొప్పి, కాళ్ళు లాగడం, నీరసం తెల్లబట్టవల్ల వచ్చాయనుకుంటారుగాని మన ఆడవాళ్ళకు నడుం నొప్పి రావడానికి తెల్లబట్టదాకా వెళ్ళాలా? బిందెలు మొయ్యడం, వంగి ఊడవటం, పిల్లలు తిన్నాక మిగిలింది తినడం చాలవూ?

నా దగ్గరకు ఒకావిడ నెలకోసారి తెల్లబట్ట అని వచ్చేది. పరీక్ష చేసేదాన్ని. ఏమీ లేదని చెప్పేదాన్ని. మళ్ళీ వచ్చేది. మూడోసారో నాలుగోసారో, "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగాను. అంతే, ఏడుపు. భర్త తాగుడు, అప్పులవాళ్ళు, చెప్పుకునే పుట్టిల్లు లేకపోవడం, అన్నీ బయటికొచ్చాయి. దిగులుగా ఉందని చెప్పి ఆస్పత్రికి రావడానికి ఆవిడకు ఇంట్లో ఎవరూ డబ్బివ్వరు. తెల్లబట్ట అంటే ఇస్తారు. గోవాలో విక్రమ్ పటేల్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటివాళ్ళు సుమారు 2,500 మంది స్త్రీలను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే. తెల్లబట్ట ఉందని చెప్పడానికీ వ్యాధిక్రిములు ఉండటానికీ ఉన్న సంబంధం కంటే, అలా చెప్పడానికీ మనసులోని దిగులుకూ ఉన్న సంబంధమే బలంగా కనిపించింది.

ఇంతవరకూ చదివి, అయితే తెల్లబట్ట అసలు జబ్బే కాదన్నమాట అని పేజీ తిప్పెయ్యకండి. ఇప్పుడు రెండోవైపు చెప్పాలి.

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మన తెలంగాణను ఆనుకునే ఉంది. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో వివరాలు ప్రచురించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల వ్యాధి ఉంది. ఒక్కొక్కరికి సగటున మూడు పైచిలుకు. అంతకుముందు ఎప్పుడైనా డాక్టరు చేత ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఎనిమిది మంది కూడా లేరు. బాధ ఉందని చెప్పినవాళ్ళు సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మిగిలినవాళ్ళు ఏమీ లేదన్నారు.

గోవా సంగతీ గడ్చిరోలి సంగతీ ఒకదానికొకటి ఎదురు అనిపిస్తాయి. ఒకచోట బాధ చెప్పారు, జబ్బు లేదు. ఇంకొకచోట జబ్బు ఉంది, బాధ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళకు వైద్యం చేశాక నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. తెల్లబట్ట అవుతోంది అన్న ఒక్కమాటనుబట్టి జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చూసి చెప్పాలి.

ఏం చూస్తాం? మొదట దురద. విరిగిన పాలలాగా, ముక్కలు ముక్కలుగా, తెల్లగా వచ్చి, విపరీతమైన దురద, మంట ఉంటే అది చాలావరకు క్యాండిడా. ఒకరకం బూజు. చెడు వాసన ఉండదు. గర్భవతులకు, యాంటిబయాటిక్ మందులు వాడినవాళ్ళకు, మధుమేహం ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. లోపల పెట్టుకునే మాత్రలతో తగ్గిపోతుంది. కాని తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తోందంటే సుగరు పరీక్ష చేయించుకోవాలి. మా పట్టణంలో ఒక టీచరుగారు ఏడాదిపాటు మందులషాపులో అడిగి ఏవేవో ఆయింట్‌మెంట్లు కొనుక్కుని రాసుకున్నారు. నేను ఆయింట్‌మెంటు రాయడానికి ముందు రక్తపరీక్ష రాస్తే, "దురదకు సుగరు పరీక్ష ఏమిటండీ" అని నవ్వారు. పరగడుపున 240 ఉంది. ఆవిడకు మధుమేహం ఉందని మొదట చెప్పింది ఆ దురదే.

రెండోది వాసన. పలచగా, బూడిదరంగు కలిసిన తెలుపుగా వచ్చి నీచువాసన వేస్తుంటే, భార్యాభర్తల కలయిక తరువాత ఆ వాసన మరీ ఎక్కువవుతుంటే, ఇందాక చెప్పిన కాపలావాళ్ళు తగ్గిపోయి వేరే సూక్ష్మజీవులు పెరిగాయన్నమాట. బాక్టీరియల్ వాజినోసిస్ అంటారు. మురికిగా ఉండటంవల్ల వచ్చిందనుకుని సబ్బు, యాంటిసెప్టిక్ లోషన్లు పెట్టి లోపలికంటా కడిగేవాళ్ళున్నారు. అలా కడిగేకొద్దీ మిగిలిన కాపలావాళ్ళు కూడా పోతారు, జబ్బు పెరుగుతుంది. బయటి భాగం మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. సువాసన వచ్చే ద్రవాలు ఇప్పుడు అందమైన సీసాల్లో అమ్ముతున్నారు. ఆ డబ్బుతో లోపలికి మంచి నూలు బట్టలు కొనుక్కోండి.

మూడోది రంగు. పసుపుగా, ఆకుపచ్చగా, నురుగులాగా వస్తూ మంట, వాసన ఉంటే ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవిని అనుమానిస్తాం. 1836లో పారిస్‌లో డొన్నే అనే ఆయన మైక్రోస్కోపు కింద మొదట చూసింది దీన్నే. ఇది ఒకరినుంచి ఒకరికి కలయికద్వారా వస్తుంది. దీని దగ్గరే నాకు అన్నిటికంటే పెద్ద తంటా. మందు సులువు. కాని భార్యా, భర్తా ఇద్దరూ మింగాలి. భార్యకు రాస్తే మింగుతుంది. భర్తకు రాస్తే, "నాకేం లేదు, నేనెందుకు మింగాలి?" అంటాడు. మగవాళ్ళలో చాలామందికి ఈ పరాన్నజీవి ఉన్నా బాధ ఏమీ తెలియదు. ఆవిడకు తగ్గుతుంది, నెలకు మళ్ళీ అతనినుంచే వస్తుంది. ఆవిడ మందు పనిచెయ్యలేదని నన్ను వదిలి ఇంకో డాక్టరు దగ్గరకు వెళుతుంది. ఈ వ్యాసం మీవారి చేతికి కూడా ఇవ్వండి. ఇందాకటి నీచువాసన జబ్బులో భర్తకు మందు అక్కర్లేదని మేం ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చాం. 2025లో ప్రచురించిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో మగవారికి కూడా వైద్యం చేస్తే ఆ జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిందని తేలింది. కాబట్టి దాని విషయంలో కూడా ఇప్పుడు డాక్టరుతో మాట్లాడటం మంచిది.

గనేరియా, క్లమీడియా వంటివి తెల్లబట్టగా కొద్దిగా కనిపించి, ఒక్కోసారి అసలే కనిపించకుండా, లోపల గర్భనాళాలను పాడుచేస్తాయి. పొత్తికడుపు నొప్పి, జ్వరంతోపాటు చీములాగా అవుతుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్‌లని ఉంటాయి. అక్కడ ఈ మందులు ఉచితం. ఇక చిన్నపిల్లల సంగతి. పెద్దమనిషి కాని పిల్లకు చెడువాసనతో అవుతుంటే ఆడుకుంటూ ఏదైనా లోపల పెట్టుకుందేమో చూడాలి. నులిపురుగులు కావచ్చు. ఆ పిల్లమీద ఎవరైనా అఘాయిత్యం చేశారేమో అని కూడా ఆలోచించక తప్పదు. పిల్లను తిట్టకుండా, కొట్టకుండా తీసుకురండి.

ఇప్పుడు ఎరుపు. దీన్ని గురించి రాయడానికి నాకు మనసొప్పదుగాని రాయాలి.

మా మేనత్త ఒకావిడ మా ఇంట్లోనే ఉండేది. చిన్నవయసులోనే భర్త పోయాడు. నన్ను పెంచింది సగం ఆవిడే. 1989లో నేను హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. అప్పటికి ఆవిడకు 58 ఏళ్ళు. ముట్లు ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఆ ఏడాది ఆవిడకు మడి ఎక్కువైందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే నూతి దగ్గర స్నానం, మధ్యాహ్నం స్నానం, మళ్ళీ దీపాలవేళ స్నానం. తన బట్టలు తనే ఉతుక్కుని పెరట్లో కొట్టం వెనక ఆరేసుకునేది. మమ్మల్ని దగ్గరకు రానిచ్చేది కాదు. "అత్తయ్యా, మడి మరీ ముదిరిపోయిందే నీకు" అని నేనే వేళాకోళం ఆడాను. నవ్వి ఊరుకునేది. నేను పగలంతా ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డులో పనిచేసి రాత్రి ఇంటికొచ్చి ఆవిడ వడ్డించిన అన్నం తినేదాన్ని.

ఒకరోజు నూతి దగ్గర పడిపోయింది. లేవదీసినప్పుడు ఆ వాసన నాకు తెలిసింది. వార్డులో రోజూ తగిలే వాసనే. పరీక్ష చేస్తే గర్భసంచి ముఖద్వారం అంతా కాన్సరు పుండు. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, "ఏడాదిపైనే అయ్యుంటుందే. తెల్లబట్టేలే అనుకున్నాను. తరువాత ఎర్రగా నీళ్ళలాగా అయ్యేది. ఈ వయసులో, మొగుడు లేనిదానికి, ఏమని చెప్పుకోను?" అంది. హైదరాబాదు తీసుకెళ్ళి కరెంటు పెట్టించాం. అప్పటికే ఆలస్యమైంది. పద్నాలుగు నెలలు బతికింది.

అది మడి కాదు. వాసన మాకు తెలియకుండా దాచుకోవడం. ఇంట్లో ఒక డాక్టరు ఉంది. అడగలేదు.

అందుకని నేను చెప్పేది గట్టిగా చెబుతాను. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క ఎరుపు కనిపించినా, కలయిక తరువాత రక్తం కనిపించినా, ముట్టుకీ ముట్టుకీ మధ్య కనిపిస్తున్నా, నీళ్ళలాగా చెడువాసనతో ఎరుపు కలిసి అవుతున్నా, ఆ వారంలోనే పరీక్ష చేయించుకోండి. చాలాసార్లు కాన్సరు కాకుండా వేరే చిన్న కారణమే ఉంటుంది. ఆ సంగతి కూడా చూస్తేనే తెలుస్తుంది.

ఏ బాధా లేనివాళ్ళు కూడా 30 ఏళ్ళు దాటాక అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. గర్భసంచి ముఖద్వారం కాన్సరు రాత్రికి రాత్రి వచ్చేది కాదు. హెచ్.పి.వి. అనే వైరస్ చేరి, కణాలు మెల్లగా మారి, కాన్సరుగా తయారు కావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. ఇలా పట్టుకోవచ్చని నిరూపించిన పాపనికొలావ్ అనే శాస్త్రజ్ఞుడికి ఎన్నో ఏళ్ళపాటు నమూనాలు ఇచ్చింది ఆయన భార్యే. 1943లో ఆయన పుస్తకం వచ్చింది. పాప్ పరీక్ష అనేది ఆయన పేరే. దానికి లాబొరేటరీ కావాలి. అదీ లేనిచోట ఇంకో సులువు ఉంది. వెనిగర్‌లో ఉండే ఆసిడ్‌నే పలచగా కలిపి దూదితో అద్దితే, మార్పు ఉన్నచోట ఒక్క నిమిషంలో తెల్లమచ్చ కనిపిస్తుంది. బొంబాయిలో టాటా ఆస్పత్రివాళ్ళు 1998 నుంచి మురికివాడల్లో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో చేసిన పరిశోధనలో, సగంమందికి ఈ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పరీక్ష జరిగినవారిలో ఈ కాన్సరు మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. ఇప్పుడు వైరస్‌నే వెతికే పరీక్ష కూడా వచ్చింది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళమధ్య వేసే టీకా ఉంది. పూనా సీరం సంస్థ తయారుచేసిన మన దేశపు టీకా 2023లో మార్కెట్లోకి వచ్చింది. మీ పిల్లల డాక్టర్ని అడగండి.

కాన్సరు పేరు ఎత్తాను కాబట్టి ఆ పేరుతో జరిగే ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. పల్లెటూరినుంచి 29 ఏళ్ళ ఒకమ్మాయి పుస్తెలతాడు తాకట్టుపెట్టిన డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. ఇద్దరు పిల్లలు, ఆపరేషను అయింది. తెల్లబట్ట అని వేరేచోటికి వెళితే స్కాన్ తీసి, "గర్భసంచికి పుండు ఉంది, ఉంచితే కాన్సరు అవుతుంది, తీసెయ్యాలి" అన్నారట. పిల్లలు చాలు కదా, ఇక ఆ సంచి ఎందుకని అత్తగారు కూడా అన్నదట. డబ్బు కట్టేముందు ఎందుకో భయంవేసి ఇటు వచ్చింది. పరీక్ష చేశాను. పుండు లేదు. గర్భసంచి ముఖద్వారం లోపలి పొర కాస్త బయటికి కనిపిస్తూ ఎర్రగా ఉంది. ఆ వయసు స్త్రీలలో ఇది తరచు కనిపించేదే, జబ్బు కాదు. పాప్ పరీక్ష బాగుంది. ఉన్నది ఇందాక చెప్పిన నీచువాసన జబ్బు. ఏడు రోజుల మాత్రలతో తగ్గింది. పుస్తెలతాడు విడిపించుకుని వెళ్ళింది.

అందరూ ఇలా మధ్యలో ఆగి రారు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఇందులో నిజంగా అవసరమైన ఆపరేషన్లు ఉన్నాయి, విపరీతంగా రక్తం పోయేవాళ్ళున్నారు. కాని తెల్లబట్టకు గర్భసంచి తీసెయ్యడం వైద్యం కాదు. పైగా గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్ళకే ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారటం మొదలవుతాయి. తెల్లబట్టవల్ల ఎముకలు కరుగుతాయని భయపడి వెళ్ళినదానికి, ఆ ఆపరేషను తరువాత ఎముకలు నిజంగానే కరుగుతాయి. ఎవరైనా తీసెయ్యాలంటే, పాప్ పరీక్ష చేశారా, మందులతో తగ్గదా అని అడగండి. ఇంకొక డాక్టరుకు చూపించుకుని వస్తానని చెప్పండి. కోపం తెచ్చుకునే డాక్టరైతే ఆ కోపమే మీకు సమాధానం.

పరీక్ష అంటే చాలామందికి బెరుకు. అందులో ఏముంటుందో చెబుతాను. బల్లమీద పడుకుంటారు. బాతు ముక్కులాంటి చిన్న పరికరంతో లోపలికి చూస్తాం. ఒంటిని బిగబట్టకుండా నోటితో మెల్లగా గాలి వదులుతుంటే నొప్పి ఉండదు, కాస్త ఒత్తిడి తెలుస్తుంది. మూడు నాలుగు నిమిషాల పని. పెళ్ళికాని ఆడపిల్లలకు ఈ పరికరం మామూలుగా వాడం, పైపైన చూసి, అవసరమైతే పొట్టమీదనుంచి స్కాన్ చేస్తాం. ఆ సంగతి తెలియక తల్లులు పిల్లల్ని తీసుకురావడానికే భయపడుతుంటారు. ఆడ డాక్టరు కావాలని అడగడం మీ హక్కు. పక్కన అమ్మో, అక్కో ఉండాలన్నా ఉండనిస్తారు.

ముట్టు రోజుల్లో కాకుండా ఆ తరువాత రండి. రెండు రోజుల ముందునుంచి లోపల మాత్రలు పెట్టుకోవడం, కడగడం, కలయిక మానండి, లేకపోతే పాప్ పరీక్ష సరిగ్గా రాదు. ఎరుపు కనిపిస్తున్నవాళ్ళు మాత్రం ఈ లెక్కలు చూసుకోవద్దు, ఉన్నపళంగా రండి. చివరి ముట్టు తేదీ, వాడిన మందుల పేర్లు చీటీమీద రాసుకుని రండి. నోటితో చెప్పడానికి సిగ్గయితే బాధ కూడా ఆ చీటీలోనే రాసివ్వండి, నేను చదువుకుంటాను.

ఉత్తరాలు రాసేవాళ్ళలో సగంమంది, "పరీక్షకు రాలేను, మందు పేరు రాయండి చాలు" అంటారు. ఆ ఒక్కటి మాత్రం రాయను. దురదకు బూజు మందు రాస్తే అది సుగరు కావచ్చు. వాసనకు మాత్రలు రాస్తే అది మా అత్తయ్యకు వచ్చినది కావచ్చు. మీ ఊళ్ళో డాక్టరు లేకపోతే ఆశా కార్యకర్తను అడగండి, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏ రోజు వెళితే ఆడ డాక్టరు ఉంటుందో ఆవిడకు తెలుస్తుంది.